పంపు ఇటు, ట్యాంకు అటు

మార్చి 3, సోమవారం

శాంతి దళం వాళ్లు వచ్చేశారు. పక్కింటి టైలర్ గోడ మీంచి తల పెట్టి అరిచి మరీ చెప్పాడు. తెల్ల బండ్లు, నీలం టోపీలు, లెక్కపెట్టలేనన్ని అన్నాడు. గేటు సందులోంచి చూశాను. ఏడు బండ్లు. ఇతను కొలతలు తీసిన జాకెట్లు ఎప్పుడూ ఎందుకు వదులవుతాయో ఇవాళ అర్థమైంది.

అత్తయ్య మంచం మీంచే అడిగింది, నీళ్లు తెచ్చారా అని. తుపాకులు తెచ్చారన్నాను. అవి మన దగ్గర లేవనా, అంత దూరం నుంచి మోసుకురావడం దేనికి అంది.

ఊరు రెండు ముక్కలై ఎనిమిది నెలలు దాటింది. మధ్య రోడ్డుకి ఇటు మేము, అటు వాళ్లు. ఎవరు మొదలుపెట్టారంటే ఇటు ఒక కథ, అటు ఒక కథ. నాకు తెలిసిన కథ ఒకటే. పంపుహౌస్ ఇటువైపు, ఏటి ఒడ్డున, మా క్వార్టర్ వెనకే ఉంది. ట్యాంకు అటువైపు, గుట్ట మీద. ఇక్కడ పంపు వేస్తే నీళ్లు గుట్టెక్కి ట్యాంకులో పడాలి. అక్కడ వాల్వులు తిప్పితే రెండు వైపుల కుళాయిలకీ రావాలి. మనవాళ్లు పంపు ఆపించారు. వాళ్లు మన లైను వాల్వు బిగించేశారు. అందరి గొంతులూ ఎండాయి. మా ఆయన పంపు ఆపరేటర్. ఎనిమిది నెలలుగా రోజూ వెళ్లి, నడవని ఇంజన్ని తుడిచి, ఆయిల్ చూసి, ఇంటికొచ్చి గోడకి ఆనుకుని కూర్చుంటున్నారు.

ఏటికెళ్లి తెచ్చుకునే నీళ్లే దిక్కు. ఒడ్డున తూటా తగిలి ఎవరో ఒకరు పడిపోతూనే ఉన్నారు. పోయిన నెల పాల బూత్ ఆవిడ. బిందెకి చిన్న సొట్ట కూడా పడలేదు. ఇప్పుడు దాన్ని ఆమె కోడలు వాడుతోంది.

కూరగాయలు కడిగిన నీళ్లతో గిన్నెలు, గిన్నెలు కడిగిన నీళ్లతో నేల, ఆ మిగిలింది బాత్రూంలోకి. ఇది తప్పితే నాకు యుద్ధం గురించి ఏమీ తెలియదు.

మార్చి 6, గురువారం

మధ్యాహ్నం టైలర్ ఇంటి ముందు పెద్ద చర్చ. బయటి దేశాల వాళ్లొచ్చి మన గొడవ ఆపగలరా అని. తప్పకుండా ఆపుతారన్నాడు టైలర్. మన కుర్రాళ్లకి పెద్దగా చెలామణీ అవుతున్న మెకానిక్ అటుగా పోతూ విని నవ్వాడు. ఒకప్పుడు మా స్కూటర్ బాగుచేసిన పిల్లాడే. వాళ్ల డ్యూటీ మన శవాలు లెక్కపెట్టుకోవడం వరకే అన్నాడు. ఎవరో ఒకళ్లని లెక్కయినా పెట్టనీరా నాయనా, నువ్వు అదీ చేయడం లేదుగా అని అత్తయ్య కిటికీలోంచి అంది. వాడు వినపడనట్టు వెళ్లిపోయాడు.

నాకు మా మామయ్య గుర్తొచ్చారు. నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మా మరుదులిద్దరూ ప్రహరీగోడ కోసం కత్తులు తీశారు. మామయ్య ఎవరికీ నీతులు చెప్పలేదు. నులకమంచం తెచ్చి ఇద్దరి వాకిళ్లకీ మధ్య వేసుకుని పడుకున్నారు. వాన పడినా లేవలేదు. కొన్నాళ్లకి మంచం తీశారు. మరుదులు ఇప్పటికీ మాట్లాడుకోరు. కానీ ఇద్దరూ బతికే ఉన్నారు. కలపడం వేరు, చావకుండా చూడటం వేరు. మామయ్య రెండోదే చేయగలిగారు. వీళ్లు కూడా మంచం వేసుకోవడానికే వచ్చి ఉంటే వేసుకోనీ. తీసే రోజు సంగతి ఆ రోజు.

మార్చి 14, శుక్రవారం

శాంతి దళం ఆఫీసర్ మా ఇంటికి వచ్చాడు. చాలా పొడుగు. గుమ్మం కింద వంగి రావలసి వచ్చింది. వీధిలో అప్పుడే పొడుగాయన అని పేరు పెట్టేశారు. పక్కన ఒక ఇంటర్‌ప్రెటర్ అమ్మాయి, కాలేజీ వయసు. ఆయన చాలాసేపు మాట్లాడతాడు, ఈ పిల్ల రెండు ముక్కల్లో చెబుతుంది. మిగతాది మింగేస్తోందని అత్తయ్యకి అనుమానం.

సంగతేమిటంటే నీళ్లు. సోమ, గురువారాలు పంపు వేయడానికి రెండు వైపుల కమాండర్లూ ఒప్పుకున్నారట. ఒప్పుకున్నారు గానీ ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదు. మేం నీళ్లెక్కిస్తే వాళ్లు మా వాల్వు తెరుస్తారని ఏమిటి గ్యారంటీ అని మనవాళ్లు. మేం వాల్వు తెరుస్తామంటే వాళ్లు పంపు పూర్తిగా వేస్తారని ఏమిటి గ్యారంటీ అని వాళ్లు. చివరికి తేల్చింది ఇది. మా ఆయన అటు వెళ్లి ట్యాంకు దగ్గర నిలబడి మన లైను వాల్వు తిప్పాలి. అక్కడి వాల్వు మనిషి ఇటు వచ్చి మా ఆయన నడిపే పంపు వేయాలి. ఇద్దరినీ తెల్ల బండిలో తీసుకెళ్లి తెల్ల బండిలో తెస్తారు. ఒకరు దిగేదాకా ఇంకొకరు కదలరు.

ఆయనకి ప్రాణం మీద భయం కన్నా ఇంజన్ మీద భయం ఎక్కువైంది. ఇరవై రెండేళ్లుగా ఇంకొకరి చెయ్యి పడని ఇంజన్ని ఆ వాల్వు తిప్పేవాడు ఏం చేస్తాడో అని భోజనం కూడా సరిగా చేయలేదు.

మార్చి 17, సోమవారం

ఉదయం ఆయన బండెక్కారు. కిటికీ లేని బండి. తలుపు పడ్డాక ఇంక ఏమీ కనిపించలేదు. అత్తయ్య దండం పెట్టుకుంటూ కళ్లు మూసుకుంది, తెరిచేలోపు బండి మలుపు తిరిగిపోయింది.

అదే బండి వాల్వు మనిషిని దింపింది. పొట్టి, కాస్త బొజ్జ, చేతిలో ప్లాస్టిక్ కవర్లో మందులు. షుగర్ ఉందట. నన్ను చూడగానే చెల్లెమ్మా, ఇంజన్ ఎటు తిరిగితే మంచిదో అదొక్కటీ చెప్పు అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఎనిమిది నెలలుగా అటువాళ్లంటే ఎలా ఉంటారో ఊహించుకుని ఊహించుకుని, చివరికి ఇతనా అనిపించింది. చెల్లెమ్మా అన్నాడు కాబట్టి నేనూ అన్నయ్యా అన్నాను.

మా ఆయన గోడ మీద సుద్దముక్కతో వరసగా రాసిపెట్టి వెళ్లారు. ముందు పంపులో నీళ్లు పోసి గాలి పోనివ్వాలి. తర్వాత హ్యాండిల్. ఇంజన్ అందుకున్నాక డెలివరీ వాల్వు మెల్లగా తెరవాలి. అన్నయ్య హ్యాండిల్ తిప్పలేక తిప్పలేక మూడోసారికి అందించాడు. ఆ చప్పుడుకి వీధి వీధంతా బయటికి వచ్చింది. మధ్యాహ్నానికి కుళాయి బుసకొట్టి, ఎర్రటి నీళ్లు కక్కి, తర్వాత తెల్లగా వచ్చింది. టైలర్ కుళాయి కింద తల పెట్టేశాడు. సబ్బు తెచ్చుకోవయ్యా, మళ్లీ గురువారం దాకా ఛాన్స్ రాదు అంది అత్తయ్య.

సాయంత్రం ఆయన క్షేమంగా తిరిగొచ్చారు. మొదటి మాట, ఇంజన్ ఎలా ఉంది.

మార్చి 27, గురువారం

అన్నయ్యకి భోజనం నేనే పంపుహౌస్‌కి తీసుకెళ్తున్నాను. షుగర్ అని అన్నం తగ్గించి రొట్టె పెడుతున్నాను. అక్కడ మా ఆయనకి అన్నయ్య భార్య పెడుతోంది. ట్యాంకు క్వార్టర్లో ఆవిడ, ఆవిడ ముసలి తండ్రి ఉంటారు. ఆవిడ కూర ఎలా ఉందని అడిగితే ఫరవాలేదన్నారు. అంత తొందరగా ఫరవాలేదన్నారంటే బాగుందన్నమాటే. నా రొట్టె ఎలా ఉందని మీ ఆవిడ అడిగిందా అని అన్నయ్యని అడిగాను. అడిగింది, మెత్తగా ఉందని చెప్పి రెండు రోజులు మాట పడ్డానన్నాడు.

మేమిద్దరం ఒకరినొకరు చూసుకోలేదు. వరస ప్రకారం ఆవిడ నాకు వదిన అవుతుంది.

ఏప్రిల్ 10, గురువారం

స్కూలు తెరిచారు. మధ్య రోడ్డు దగ్గర బండి ఉన్నంతసేపు ఒక్క తూటా పేలలేదు. బండి లేనప్పుడు కూడా తగ్గాయి. కిటికీలకి అడ్డంగా పెట్టిన పరుపులు తీసి ఎండలో వేశాను. పుల్లటి వాసన. ఆపగలరన్న టైలర్ మాటే నెగ్గేలా ఉంది.

ఏప్రిల్ 14, సోమవారం, సాయంత్రం

ఆయన రాలేదు.

మధ్యాహ్నం పంపు నడుస్తుండగానే మొదలైంది. ముందు ఎక్కడో దూరంగా, తర్వాత మధ్య రోడ్డు మీదే. అటువాళ్ల పెద్ద ఒకడిని మనవాళ్లు కొట్టారని ఒకరు, మనవాణ్ని వాళ్లు కొట్టారని ఒకరు. తెల్ల బండి మా గేటు దాకా వచ్చి ఆగింది. ఇంటర్‌ప్రెటర్ అమ్మాయి తల బయటపెట్టి, ఎవరూ కదలొద్దు, రేపు వస్తాం అని అరిచింది. బండి వెనక్కి తిరిగి క్యాంపుకి వెళ్లిపోయింది.

అన్నయ్య పంపుహౌస్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు, చెప్పులు వేసుకుని, మందుల కవర్ చేతిలో పట్టుకుని, బండెక్కడానికి రెడీగా. లోపలికి రా అన్నయ్యా అన్నాను. చెల్లెమ్మా, బండి వస్తుందేమో అన్నాడు. చీకటి పడ్డాక అత్తయ్య వెళ్లి చెయ్యి పట్టుకుని తెచ్చింది.

ఏప్రిల్ 16, బుధవారం

పొడుగాయన వైర్‌లెస్‌లో అటు కనుక్కుని కబురు పంపాడు. ఆయన క్షేమం. ట్యాంకు క్వార్టర్లోనే ఉన్నారు. మళ్లీ ఆర్డర్లు వచ్చేదాకా దళం క్యాంపు దాటకూడదట. పరుపులు మళ్లీ కిటికీలకి పెట్టాం. అన్నయ్య ఒక పక్క పట్టుకున్నాడు.

ఏప్రిల్ 17, గురువారం

పొద్దున్నే లేచి చూస్తే అన్నయ్య పంపులో నీళ్లు పోస్తున్నాడు. ఈ గొడవలో ఎందుకన్నాను. ఇవాళ గురువారం కదా అన్నాడు. పంపు ఆగితే అక్కడ నా భార్య నేను పోయాననుకుంటుంది, వాళ్లు అట్లా అనుకుంటే మీ ఆయన్ని ఏం చేస్తారో నేను చెప్పక్కర్లేదు అన్నాడు.

డీజిల్ ఉంది, శాంతి దళం దింపిన పీపాలు. ఇంజన్ అందుకుంది. మధ్యాహ్నం కుళాయి వచ్చింది. అంటే అక్కడ ఆయన మన వాల్వు తిప్పారు. వంటింట్లో కూలబడి ఏడ్చాను. అన్నయ్య చూడనట్టు బయటికి వెళ్లిపోయాడు.

ఇప్పుడు మా మధ్య బండ్లు లేవు, టోపీలు లేవు. అక్కడ ట్యాంకులో నీళ్లు పడితే అన్నయ్య ఉన్నట్టు. ఇక్కడ కుళాయి వస్తే ఆయన ఉన్నట్టు.

ఏప్రిల్ 20, ఆదివారం

మెకానిక్ వచ్చాడు, వెనక నలుగురు. పిన్నీ, ఆ వాల్వువాణ్ని మాకు అప్పగించు, మా వాళ్లు ఇద్దరు అటు దొరికిపోయారు, మార్చుకోవాలి అన్నాడు.

గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. మీ బాబాయి అక్కడున్నారురా అన్నాను. ఆయనకేం కాదులే అన్నాడు. ఇతనికి ఇక్కడ గోరు విరిగినా అక్కడ మీ బాబాయికి చెయ్యి విరుగుతుంది, ఆ లెక్క నీకు రాదు, నాకొచ్చు అన్నాను. అత్తయ్య లోపల్నించి కర్రతో వచ్చి, నీ చిన్నప్పుడు చీమిడి తుడిచిన చెయ్యిరా ఇది, తోసి వెళ్లు చూద్దాం అంది. వాడు కర్ర వైపు చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇక్కడే ఉండనీ, కానీ గేటు దాటితే మా పూచీ లేదన్నాడు. గేటు ముందు ఇద్దరు కుర్రాళ్లని కూర్చోబెట్టి వెళ్లాడు.

అటు కూడా ఎవరో ఒకరు ఇలాగే వచ్చి అడిగి ఉంటారు. ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంటుంది. నేను తెలియకపోయినా ఆవిడకి ఈ లెక్క తెలిసే ఉంటుంది.

ఏప్రిల్ 24, గురువారం

పంపు మూత తీసి బిగిస్తుంటే జారి అన్నయ్య పాదం మీద పడింది. ఇనుపది. మా ఆయనైతే ముందు కింద చెక్క పెట్టుకుంటారు. అది గోడ మీద రాయలేదు. ఆయనకి అది రాయాల్సిన విషయమని తోచి ఉండదు, చెయ్యి దానంతటదే పెట్టేస్తుంది. అన్నయ్య జీవితమంతా వాల్వులు తిప్పినవాడు, అతనికేం తెలుసు.

బొటనవేలు చితికింది. ఉప్పునీళ్లతో కడిగి కట్టు కట్టాను. పెద్దగా నొప్పి లేదన్నాడు. అదే నాకు భయమేసింది. షుగర్ వాళ్లకి నొప్పి తెలియకపోతే మంచిది కాదు.

ఏప్రిల్ 29, మంగళవారం

మందులు అయిపోయి వారమైంది. నాకు చెప్పలేదు. నీకు చెబితే నువ్వు ఏ ఏటిగట్టు వెంటో పరిగెడతావని అన్నాడు. పాదం నల్లబడి, వాపు మోకాలి దాకా వచ్చింది. ఒళ్లు కాలిపోతోంది.

క్యాంపుకి వెళ్లాను. పాత కాలేజీ బిల్డింగు. పొడుగాయన వెంటనే బయటికి వచ్చాడు. నేను చెప్పింది ఆ అమ్మాయి చెప్పగానే ఆయన మొహం మారింది. వాళ్ల డాక్టర్ పక్క గదిలోనే ఉన్నాడు, గాజు తలుపులోంచి కనిపిస్తున్నాడు. కానీ బండి కదలాలంటే రెండు వైపుల కమాండర్ల పర్మిషన్ కావాలట. ఎప్పుడొస్తుందన్నాను. అటువాళ్లు ముందే ఇచ్చారట. ఇటు మెకానిక్ పైవాళ్లు ఇవ్వలేదట. మా మనుషుల్ని వదిలితేనే అన్నారట.

మరి మీ చేతుల్లో అన్ని తుపాకులు దేనికి అని అడిగాను. ఆ పిల్ల ఆయనకి చెప్పకుండా నా వైపే చూసింది. చెప్పమ్మా అన్నాను. చెప్పింది. ఆయన నేల వైపు చూస్తూ ఏదో అన్నాడు. అవి మమ్మల్ని మేం కాపాడుకోవడానికి మాత్రమే అని ఆ పిల్ల చెప్పింది. ఈసారి ఏమీ మింగలేదు.

మాత్రలిచ్చారు. ఇచ్చినవి ఇచ్చినట్టు తెచ్చి వేశాను.

మే 1, గురువారం

అన్నయ్య లేవలేకపోయాడు. పంపు నేనే వేశాను. అతను మంచం మీంచే కేకేసి చెప్పాడు. ఇంజన్ చప్పుడు మారితే చెవితో పట్టుకుంటున్నాడు, నెలన్నరలో అంత నేర్చుకున్నాడు. హ్యాండిల్ వెనక్కి తన్ని మణికట్టు వాచింది. మధ్యాహ్నం కుళాయి వచ్చింది. మీ ఆయన నా కన్నా మెత్తగా తిప్పుతున్నాడమ్మా వాల్వు అని మెచ్చుకున్నాడు.

ఆ పూట భార్య గురించి మాట్లాడాడు. కోపిష్టిదట. పెళ్లయిన కొత్తలో ట్యాంకు నిచ్చెనెక్కి పైన కూర్చుని, సినిమాకి తీసుకెళ్తానంటేనే దిగుతానందట. తీసుకెళ్లావా అన్నాను. లేదు, నేనూ పైకెక్కి కూర్చున్నానన్నాడు. నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది.

మే 3, శనివారం

తెల్లవారుతుండగా అన్నయ్య పోయాడు.

మే 4, ఆదివారం

నిన్న రాయలేకపోయాను.

శుక్రవారం సాయంత్రం గేటు దగ్గర కుర్రాళ్లు ఎవరితోనో వాదిస్తున్నారు. చూస్తే పొడుగాయన. నడిచి వచ్చాడు. బండి లేదు, తుపాకీ లేదు. వెంట డాక్టర్, ఆ అమ్మాయి. డీజిల్ పీపాలు చూడటానికి వచ్చామని కుర్రాళ్లకి చెప్పారు. డాక్టర్ పాదం విప్పి చూసి, పొడుగాయన వైపు చూసి, మళ్లీ కట్టేశాడు. మంగళవారమే చూసి ఉంటే కాలు పోయినా మనిషి మిగిలేవాడట. ముగ్గురూ తెల్లవార్లూ ఇక్కడే ఉన్నారు. అన్నయ్యకి స్పృహ లేదు.

పోయాక పొడుగాయన జేబులోంచి పుస్తకం తీశాడు. వాళ్లకది రూలు. ఎవరు పోయినా ఆ రోజే రిపోర్టు. ఆ రిపోర్టు అటువైపు ఎప్పటికి చేరుతుందని అడిగాను. సాయంత్రానికి అంది ఆ అమ్మాయి. అయితే రేపటికి నేను విధవనవుతానని చెప్పు అన్నాను.

చెప్పింది. ఆయన పెన్ను మూత తీసి, అట్లాగే పట్టుకుని ఉన్నాడు. డాక్టర్ ఏదో అన్నాడు, ఈయన తల అడ్డంగా ఊపాడు. తర్వాత మూత పెట్టేశాడు. నాకు ఇక్కడికి రావడానికి పర్మిషన్ లేదు, రానివాడు చూసింది ఎలా రాస్తాడు అన్నాడట. అబద్ధం అలవాటు లేని మనిషిలా ఉన్నాడు.

పీపాలు పాతిపెట్టాలని కుర్రాళ్లకి చెప్పి పంపుహౌస్ వెనక గొయ్యి తవ్వాం. పొడుగాయనే ఎక్కువ తవ్వాడు. అత్తయ్య తన కొత్త దుప్పటి తెచ్చి కప్పింది. తన కోసం దాచుకున్నదది.

మే 5, సోమవారం

పంపు వేశాను. కుళాయి వచ్చింది. అన్నయ్య లేడని వాళ్లకి తెలియదు.

మే 15, గురువారం

గేటు దగ్గర కుర్రాళ్లకి ఇప్పటికీ లోపల మనిషి ఉన్నాడనే నమ్మకం. రోజూ ఒక పళ్లెం ఎక్కువ కడిగి ఎండలో పెడుతున్నాను. ఒంట్లో బాగాలేదా బయటికి రావట్లేదని టైలర్ అడిగాడు. నీలాంటివాళ్ల నోటికి భయపడి అంది అత్తయ్య. నవ్వుకుంటూ వెళ్లాడు. అత్తయ్య లోపలికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది.

హ్యాండిల్ తిప్పుతున్నంతసేపు ఏమీ ఆలోచించను. ఇంజన్ అందుకున్నాకే పాడు ఆలోచనలు. నేనెక్కించే ప్రతి బిందెడు నీళ్లూ అక్కడ ఒకావిడకి అబద్ధం చెబుతున్నాయి. ఆవిడ ఆ అబద్ధాన్ని నమ్ముకుని మా ఆయనకి అన్నం పెడుతోంది. ఆపితే నిజం చెప్పినట్టు. నిజం చెబితే ఆయన ఉండరు. ఆపను.

శాంతి దళం మీద కోపం రావాలి. వస్తుంది కూడా. ఈ మార్పిడి పెట్టింది వాళ్లు. మధ్యలో వదిలి క్యాంపులో కూర్చుందీ వాళ్లు. కానీ వాళ్లు రాకముందు ఏటిగట్టున పోయినవాళ్ల పేర్లు వీధిలో అందరికీ నోటికి వచ్చు. ఈ రెండు నెలల్లో నీళ్ల కోసం వెళ్లి ఎవరూ పోలేదు. అన్నయ్య తప్ప. ఈ రెండు మాటలూ నిజమే. పక్కపక్కన పెడితే ఒకదానికొకటి చెల్లవు.

జూన్ 4, బుధవారం

పెద్దవాళ్లు ఎక్కడో సంతకాలు పెట్టారట. కాల్పులు ఆగి నాలుగు రోజులైంది. రేపు ఉదయం మధ్య రోడ్డు మీద మార్పిడి. మన మనిషిని వాళ్లు, వాళ్ల మనిషిని మనం.

పొడుగాయన బండిలోనే వచ్చాడు ఈసారి. బాగా చిక్కాడు. ఇంక నేను రాయకుండా ఉండలేను, రేపు వాళ్లు మనిషిని అడుగుతారు అన్నాడు. నాకు తెలుసన్నాను. అతని బదులు నేనొస్తాను, అతని భార్యకి నేనే చెబుతాను, మా ఆయన్ని వదలకపోతే నన్నూ అక్కడే ఉంచుకోనీ అన్నాను. ఆ అమ్మాయి రెండుసార్లు అడిగింది, ఇదే చెప్పనా అని.

అత్తయ్యకి మందుల టైమ్ టైలర్ భార్యకి చెప్పి పెట్టాను. రెండు రోజుల కూర చేసి ఉంచాను.

జూన్ 5, గురువారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

కిటికీ లేని బండిలో కూర్చున్నాను. తలుపు తీశాక ఎండకి కళ్లు మూసుకుపోయాయి. మధ్య రోడ్డు ఇంత చిన్నదా అనుకున్నాను. అటు ఒక తెల్ల బండి, దాని ముందు తుపాకులతో కొందరు, వాళ్ల మధ్య మా ఆయన. గడ్డం పెరిగింది. చొక్కా ఉతికి ఇస్త్రీ చేసి ఉంది. వాళ్లకి కాస్త ముందుగా ఒకావిడ, చేతిలో సంచి. సన్నగా, నిటారుగా. అన్నయ్యకి మార్చే బట్టలు తెచ్చినట్టుంది.

ఆవిడ నా వెనక బండిలోకి చూసింది. ఇంకెవరూ దిగలేదు.

పొడుగాయన నా పక్కనే నడిచాడు. చేతులు ఖాళీగా ఉన్నాయి. దగ్గరికి వెళ్లి, వదినా అన్నాను. అప్పుడే అర్థమైపోయింది ఆవిడకి. అయినా నేను మొత్తం చెప్పాను. మూత, పాదం, మందులు, పర్మిషన్, పంపుహౌస్ వెనక చోటు. ఎప్పుడు అని అడిగింది. పోయిన నెల మొదట్లో అన్నాను.

మరి నీళ్లెక్కాయిగా అంది.

నేనే ఎక్కించానన్నాను.

నా చేతుల వైపు చూసింది. బొబ్బలు కట్టి, పగిలి, మళ్లీ కట్టిన చేతులు. ట్యాంకు కింద కూర్చుని నీళ్లు పడే చప్పుడు వినేదాన్ని, ఈ పూటకి మా ఆయన బాగానే ఉన్నాడనుకునేదాన్ని, ఆ చప్పుడు నువ్వన్నమాట అంది. కోపంగా అనలేదు, మంచిగా అనలేదు. కొట్టినా బాగుండేది.

వెనక నుంచి వాళ్ల కమాండర్ అరిచాడు, మనవాడేడీ అని. తుపాకులు పైకి లేచాయి. ఇటు మెకానిక్ వాళ్లవీ లేచాయి. పొడుగాయన రెండు చేతులూ చాచి నిలబడ్డాడు, ఏదో అంటున్నాడు, ఆ అమ్మాయి తర్జుమా చేయడం మానేసింది. ఎవరూ ఆయన వైపు చూడటం లేదు. అందరూ ఆవిడ వైపు చూస్తున్నారు. ఆవిడ ఒక్క కేక వేస్తే చాలు.

ఆవిడ వెనక్కి తిరిగింది. మా ఆయన ముందుకి వెళ్లి నిలబడింది. ఆయన చొక్కా కాలర్ మడత పడి ఉంటే సరిచేసింది. వాళ్ల కమాండర్‌తో, ఒంట్లో బాగోక పోయాడట, ఈయన్ని పంపించండి, నా ఇంట్లో తిన్న మనిషి అంది. అతను ఏదో అనబోతే, ఏడ్వాల్సింది నేను, నేను చెబుతున్నాను పంపమని అంది.

ఆయన నడిచి వచ్చారు. సంచీ ఆవిడ చేతిలోనే ఉండిపోయింది.

జూన్ 7, శనివారం

ఆయన ఇంజన్ దగ్గరికి వెళ్లలేదు. పంపుహౌస్ వెనకే కూర్చుంటున్నారు. నిన్న ఒక్క మాట అన్నారు, మూత కింద చెక్క పెట్టమని రాయాల్సిందని.

ఆవిడ ఎలా ఉండేదని అడగలేకపోతున్నాను. ఆయనే కొంచెం కొంచెం చెబుతున్నారు. వాళ్లవాళ్లు ఆయన్ని తీసుకెళ్లడానికి రెండుసార్లు వచ్చారట. మొదటిసారి తండ్రిని అడ్డంపెట్టిందట. రెండోసారి ఆయన్ని ట్యాంకు నిచ్చెనెక్కించి, కింద తను కూర్చుందట.

పొడుగాయన వచ్చి చెప్పాడు, ఇక మనుషుల మార్పిడి లేదు. ఎవరి యంత్రం దగ్గర వాళ్లే. సోమవారం పంపు వేయండి. అటు వాల్వు తెరుస్తారా అని ఆయన అడిగారు. అక్కడ వాల్వులు తెలిసినవాళ్లు ఇప్పుడు ఆవిడొక్కరే, మా ఆయన తిప్పుతుంటే పక్కన నిలబడి నేర్చుకుందట. తెరవమని మేం అడగగలం గానీ తెరిపించలేం అన్నాడు పొడుగాయన. తర్వాత పంపుహౌస్ వెనక్కి వెళ్లి టోపీ తీసి కాసేపు నిలబడ్డాడు. ఈసారి పుస్తకంలో రాసుకున్నాడు.

వీధిలో అందరికీ తెలిసిపోయింది. తెరవదన్నాడు టైలర్. నేనైతే తెరవనన్నాడు. అత్తయ్య కిటికీ తలుపు వేసేసింది.

జూన్ 9, సోమవారం

ఆయన పంపు వేశారు. వీధంతా బిందెలు పెట్టుకుని కూర్చుంది.

మధ్యాహ్నం నీళ్లొచ్చాయి.

నేను బిందె పెట్టలేకపోయాను.